ఈ చాకు ఏ ఉక్కుది?

హైదరాబాదు నగరమున చిక్కడపల్లి ప్రధాన వీథిలో గాని, నారాయణగూడ చౌరస్తా దాపున గాని, ఒక గృహస్థు అంగడి మెట్లెక్కి, జేబులో నుంచుకొనుటకు అనువగు మడతచాకు నొకదానిని చూపుమని అడిగినచో, అంగడివాడు నాలుగైదు రకములను బల్లపై పరచును. కొనువాడు పిడి నునుపును చూచును, అలుగు మెరుపును చూచును, తెరచునపుడు ‘టక్కు’మను చప్పుడు విని తృప్తిపడును, కొంత బేరమాడి, సొమ్ము చెల్లించి, ఇంటికి మరలును. ఈ వ్యవహారమంతయు ముగియునప్పటికి, ఆ వస్తువు గుణాగుణములకు మూలమేదియో ఆ విషయమును గూర్చిన ప్రశ్న యొక్కటియు కొనువాని నోట వెలువడి యుండదు. వెలువడినను అమ్మువానియొద్ద సమాధాన ముండదు. ఈ అలుగు ఏ ఉక్కుతో చేసినది? అందు కర్బనమెంత, క్రోమియమెంత? దానిని కాచి చల్లార్చి ఎంతటి కాఠిన్యమునకు తెచ్చిరి? నేను ఈ పేటలలోని అంగళ్లలోను, బేగంబజారు పాత్రసామానుల వీథులలోను, రాణిగంజు ఇనుపసామానుల దుకాణములలోను ఈ ప్రశ్నను అడిగి చూచితిని. ‘స్టీలండీ, మంచి స్టీలు’ అను మర్యాదతో కూడిన ప్రత్యుత్తరమే తప్ప, అంతకు మించిన వివరము లభించుట మిక్కిలి అరుదు.

మరియొక ప్రాంతమునందైనచో ఈ మౌనమును ఉపేక్షింపవచ్చును. కాని ఉత్తర తెలంగాణములోని కొలుముల నుండి వెలువడిన ఉక్కుముద్దల కొరకు పారశీక వర్తకులు సముద్రము దాటి వచ్చి, తూకమును గట్టితనమును తామే పరీక్షించి కొనిపోయిన దేశమిది. అట్టి దేశపు ముఖ్యపట్టణములో నివసించుచు, నిత్యము చేతికి తగులు చిన్న పనిముట్టు ఏ లోహముతో చేయబడినదో తెలియక కొనుట మనకు తగదని నా అభిప్రాయము. ఉక్కు పేరు చెప్పని చాకును కొనవద్దనియు, పేరు చెప్పిన చాకులలో గూడ మిక్కిలి కఠినమైనదానిని గాక, మన ఇంటనున్న సానరాతిపై మన చేతులతో మనమే పదును నిలుపుకొనగల దానినే ఎన్నుకొనవలెననియు ఈ వ్యాసమున వాదింపదలచితిని.

మొదట, ఇట్టి చాకుతో మనకేమి పని యని అడుగువారు కలరు. అశోక్‌నగర్ సందులలో ఒక్క ఉదయము తిరిగినచో సమాధానము దొరకును. గ్రూప్స్ పరీక్షల కొరకు జిల్లాల నుండి వచ్చి, ఇరుకు గదులలో వసించుచు, సిటీ సెంట్రల్ లైబ్రరీలో తావు దొరకుటకై తెల్లవారుజాముననే బయలుదేరు వేలకొలది యువతీయువకులకు, సుతిలితో బిగించిన పుస్తకముల కట్టలు విప్పుటకు, ఊరి నుండి తల్లి పంపిన పార్సిలుపై చుట్టిన టేపును చీల్చుటకు, జిరాక్సు కాగితములను మడతవెంట కోయుటకు, మధ్యాహ్నము ఒక జామకాయను నలుగురు పంచుకొనుటకు చాకు కావలయును. అది లేనివాడు పంటితో కొరుకును, తాళపుచెవితో పొడుచును, గడ్డము గీచు బ్లేడు ముక్కతో వేలు కోసికొనును. చిక్కడపల్లి కూరగాయల బజారులో గోనెసంచి మూతి విప్పువాని చేతిలోను, పూలదండకు దారము తెంపు స్త్రీ ఒడిలోను ఏదో ఒక అలుగు ఉండనే యుండును. ఇంటిలో కత్తిపీట ఎంత అవసరమో, ఇల్లు దాటినవానికి చాకు అంత అవసరము.

అయితే ఈ వస్తువునకు అపకీర్తి కొంత అంటుకొన్నది. బటను నొక్కగానే బయటకు దూకు కత్తులను, రాంపూరీలను ప్రతినాయకుల చేతికిచ్చి దశాబ్దముల తరబడి చూపిన చలనచిత్రములు, జేబులో చాకున్నవాడు దుష్టుడను భావమును మధ్యతరగతి గృహములలో పాదుకొల్పినవి. చట్టము అంత తొందరపడలేదు. 1959 నాటి ఆయుధ చట్టము, కేవలము గృహకృత్యములకు గాని వ్యవసాయమునకు గాని ఉద్దేశించిన వస్తువులను ఆయుధములలో చేర్చలేదు. 2016 నాటి ఆయుధ నియమావళి ఐదవ తరగతిలో పేర్కొన్న కత్తులు తొమ్మిది అంగుళముల కంటె పొడవైన, లేదా రెండు అంగుళముల కంటె వెడల్పైన అలుగులు గలవి. మూడు అంగుళములు మించని అలుగు ఈ కొలతకు ఎంతో లోపల నున్నది. అయినను, చట్టము అనుమతించినంత మాత్రమున ప్రతి తావునకును తీసికొని పోదగునని కాదు. పరీక్షాకేంద్రమునకు పోవునపుడు, విమానములో చేతిసంచితో ఎక్కునపుడు, ఊరేగింపులకును సభలకును పోవునపుడు దానిని ఇంటనే విడిచిపోవుట వివేకము. మెట్రోరైలులోను, సినిమాహాలులోను తనిఖీ చేయువారు వద్దనినచో వాదింపక వెనుకకు మరలుట మర్యాద. బటనుతో తెరచుకొను రకములను మాత్రము నేనెవరికిని సిఫారసు చేయను. వానివలన కోతకు లాభము లేదు, చూచువారికి భయము తప్ప.

ఇక ఉక్కు సంగతి. శుద్ధమైన ఇనుము మెత్తనిది. దానితో చేసిన అలుగు ఒక్క పూటలో మొద్దుబారును. ఆ ఇనుములో నూటికి అర పాలు మొదలు ఒకటి ఒకటిన్నర పాళ్ల వరకు కర్బనము చేరినప్పుడు అది అలుగునకు తగిన ఉక్కగును. అట్టి ఉక్కును ఎర్రగా, అనగా సాదా కర్బనపు ఉక్కైనచో సుమారు 800 డిగ్రీల వరకు కాచి, వెంటనే చమురులో ముంచినచో, వేడిలో ఇనుమునందు కరగి వ్యాపించిన కర్బనము బయటపడుటకు వ్యవధి చాలక లోపలనే చిక్కుకొని, లోహపు పరమాణువుల అమరికను బిగబట్టును. ఆ బిగువే కాఠిన్యము. కాని ఆ స్థితిలో అది గాజువంటిదై, క్రింద పడినచో విరుగును. కావుననే మరల 200 డిగ్రీల ప్రాంతమున మెల్లగా కాచి, కొంత కాఠిన్యమును వదలుకొని కొంత ఓర్పును సంపాదించెదరు. ఒకే ఉక్కు, ఈ రెండు కాపులను చేసిన చేతినిబట్టి, మేలైన చాకుగానో పనికిరాని రేకుగానో పరిణమించును. అంగడిలో ఉక్కు పేరుతోబాటు కాఠిన్యపు అంకెను గూడ అడుగవలెనని నేను చెప్పుటకు కారణమిదియే. రాక్‌వెల్ సి మానముపై 55 మొదలు 61 వరకు నుండు ఈ అంకె, కాచిన పని సరిగా జరిగినదా లేదా అను సంగతిని ఒక్క చూపులో తెలుపును.

కర్బనము 0.8 పాళ్లకు మించినప్పుడు, మిగులు కర్బనము ఇనుముతో కూడి కార్బైడులు అను అతికఠినమైన కణములుగా విడివడును; ముదురు పాకములో చక్కెర పలుకు కట్టినట్లు ఇవి లోహమంతట వ్యాపించి, రాపిడిని ఎదిరించి, పదునును చిరకాలము నిలుపును. అయితే కణములు ఎంత పెద్దవై, ఎంత దట్టమైనచో, అంచు అంత పెళుసగును. పదును నిలుచుట, విరుగకుండుట, తుప్పు పట్టకుండుట, సులభముగా సానపట్టబడుట అను నాలుగు గుణములు ఒకదానితో నొకటి పోటీపడును గాని కలిసి రావు. ఏ ఉక్కైనను వీనిలో ఒకదానిని పెంచుటకు మరియొకదానిని తగ్గించుకొన్నదే. ఈ సత్యమును మరచి, ‘అన్నిటికంటె మంచి ఉక్కు ఏది?’ అని అడుగువానికి సమాధానము లేదు. ‘నా పనికి ఏది?’ అని అడుగువానికి కలదు.

సాదా కర్బనపు ఉక్కు ప్రాచీనమైనది, సరళమైనది. ఫ్రాన్సుదేశపు సవాయ్ పర్వతప్రాంతమున 1890లో జోసెఫ్ ఒపినెల్ అను కమ్మరి యువకుడు రైతుల కొరకు రూపొందించిన కొయ్యపిడి చాకు, నేటికిని నూటికి 0.9 పాళ్ల కర్బనము గల ఉక్కుతో లభించుచున్నది. అట్టి అలుగు సానరాతిపై కొద్దిసేపటిలోనే చక్కని పదునెక్కును, సన్నని అంచును ధరించును. మన పల్లెలలో కమ్మరులు లారీల కమానుపట్టీలను కోసి చేయు కొడవళ్లును, గొడ్డళ్లును ఈ కుటుంబమునకు చెందినవే. ఆ పట్టీలలో కర్బనము సుమారు 0.6 పాళ్లుండును. చెప్పులు కుట్టువాని రంపెను, కల్లుగీత కత్తిని చేయించుకొనువారు ఏ ఇనుపముక్క పనికివచ్చునో, ఏది రాదో, సానచక్రముపై లేచు నిప్పురవ్వల తీరునుబట్టియే పోల్చుకొందురు: కర్బనము హెచ్చుగా నున్నచో రవ్వ కొనయందు పగిలి చిగురించును, తక్కువగానున్నచో సాగి ఆరిపోవును. పుస్తకములు చదివిన మనకు తెలియని విషయము వారి కంటికి తెలియును. ఈ సంగతి నేను గౌరవముతో చెప్పుచున్నాను, ఏలననగా ఈ నగరమున ఉక్కును గూర్చి ప్రశ్న అడుగు అలవాటు ఎచ్చటనైన మిగిలియున్నదన్నచో అది శ్రమజీవులయొద్దనే మిగిలియున్నది.

కాని కర్బనపు ఉక్కునకు మన వాతావరణము, మన ఆహారము రెండును శత్రువులు. ఉగాదికి మామిడికాయ కోసిన సాదా ఉక్కు అలుగు కొన్ని నిమిషములలో నల్లబడును. నిమ్మకాయయు, చింతకాయయు అంతే. అరటికాయను కోసినచో కాయలోని వగరు ఇనుముతో కలిసి కాయయే నల్లనగును. వానకాలపు తేమ, జేబులోని చెమట యందలి ఉప్పు తుప్పును పిలిచి తెచ్చును. కోసిన వెంటనే తుడిచి, ఆరబెట్టి, కొబ్బరినూనె చుక్క పూయు నిష్ఠ గలవానికి ఇది భూషణమే. ఆ నలుపు కాలక్రమమున గట్టిపొరయై కొంత రక్షణ గూడ నిచ్చును. ఆ నిష్ఠ లేనివానికి, నేటి పట్టణవాసులలో నూటికి తొంబదిమందికి, ఇది తగదు.

అందుచేతనే తుప్పుపట్టని ఉక్కు వచ్చినది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణమున హ్యారీ బ్రియర్లీ క్రోమియము హెచ్చుగా గల ఉక్కును పోతపోసి, అది ఆమ్లములకు లొంగకుండుట గమనించి, దానితో కత్తులు చేయవచ్చునని గ్రహించెను. క్రోమియము సుమారు 11, 12 పాళ్లకు మించి లోహములో కరగియున్నప్పుడు గాలిలోని ఆమ్లజనితో కూడి, కంటికి కనబడని పలుచని పొరగా ఏర్పడి, గీత పడినను తనంతట తానే మరల కప్పుకొనును. ఇచ్చట ‘కరగియున్నప్పుడు’ అను మాటను పాఠకులు గట్టిగా పట్టుకొనవలెను. డి2 అను పనిముట్ల ఉక్కులో క్రోమియము 12 పాళ్లున్నను, అందలి ఒకటిన్నర పాళ్ల కర్బనము క్రోమియములో చాల భాగమును కార్బైడులుగా బంధించివేయుటచే, రక్షణకు మిగిలినది చాలదు. డి2 చాకు మన వానకాలములో తుప్పుచుక్కలు వేయును. అంకెను చూచి మోసపోవువారు దీనిని స్టెయిన్‌లెస్ అనుకొని కొందురు. ఇందుకు భిన్నముగా, స్వీడను దేశపు 12సి27 అను ఉక్కులో కర్బనము 0.6, క్రోమియము 13.5 పాళ్లు మాత్రమే. అయినను అది చక్కని సన్నని అంచును నిలుపుచు, తుప్పునకు లొంగదు. స్విస్ సైనికుల చాకుగా ప్రఖ్యాతమైన విక్టోరినాక్స్ అలుగులో కర్బనము సుమారు 0.55, క్రోమియము 14, 15 పాళ్లు, కాఠిన్యము 55, 56. ఈ అంకెలు చూచి చాకుల వ్యసనపరులు పెదవి విరుతురు. నేను విరువను. పదును త్వరగా పోయినను త్వరగానే వచ్చును; మామిడికాయకు నల్లబడదు; చేయి జారి గచ్చుపై పడినను అంచు పెచ్చులూడదు.

ఈ మధ్యకాలమున, ధనికులైన యువకులలో చాకులపై అభిరుచి పెరిగి, ఎస్30వి వంటి ఉక్కులను వేల రూపాయలు వెచ్చించి తెప్పించుకొనుచున్నారు. కరిగిన లోహమును సన్నని తుంపరగా చల్లి పొడిచేసి, ఆ పొడిని వేడిలో వత్తి దిమ్మగా చేయు విద్య వలన, 4 పాళ్ల వనేడియమను లోహమును, ఒకటిన్నర పాళ్లకు చేరువైన కర్బనమును ఇముడ్చుకొన్నను కణములు సూక్ష్మముగను, సమముగను పరచుకొనును. ఇది గొప్ప లోహవిద్య యనుటలో సందేహము లేదు. అట్టి అలుగు అట్టపెట్టెలను కోయుటలో సాదా ఉక్కును సులభముగా మించును. కాని వనేడియపు కార్బైడు, అంగడిలో దొరకు అల్యూమినా సానరాతి కంటె కఠినమైనది. రాయి లోహమును అరగదీయును గాని ఆ కణములను అరగదీయలేదు. కావున వజ్రపు పొడి అద్దిన పలక లేనిదే దానికి సరియైన పదును పెట్టుట కష్టము. ఆ పలక ఇంట లేనివాడు, దానిని వాడు ఓపిక లేనివాడు, కొన్ని నెలలకు మొద్దుబారిన ఒక ఖరీదైన వస్తువును పెట్టెలో దాచుకొని, కూరగాయల బజారులో కొన్న చవకచాకుతోనే పనులు జరుపుకొనును. నేను ఇట్టివారిని ఎరుగుదును. వారి ఉక్కులో దోషము లేదు. ఆ ఉక్కునకును వారి ఇంటి రాతికిని పొత్తు కుదరలేదు.

ఇచ్చట కొంతసేపు వెనుకటి కాలమునకు పోవుట అప్రస్తుతము కాదు. నేటి నిజామాబాదు జిల్లా కమ్మర్‌పల్లి మండలమునకు చెందిన కోనసముద్రమను గ్రామమున, సికందర్ జా నిజాముగా నున్న కాలమున, ఉక్కు తయారగు పద్ధతిని ప్రత్యక్షముగా చూచి వ్రాసినవాడు హెన్రీ వెస్లీ వాయిసే. ఇతడు లాంబ్టన్ నాయకత్వమున సాగిన మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడుగను, భూగర్భశాస్త్రజ్ఞుడుగను పనిచేసి, 1824లో మరణించెను. ఆయన వ్రాత 1832లో బెంగాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడెను. రెండు వేర్వేరు తావుల నుండి తెచ్చిన రెండు విధముల ఇనుమును మూడుకు రెండు పాళ్లుగా కలిపి, మట్టిమూసలలో ఉంచి, మూతివేసి, ఒక అహోరాత్రము కొలిమిలో ఉడికించి, మెల్లగా చల్లార్చి, బయటకు తీసిన ముద్దను మరల మట్టి పూసి గంటల తరబడి కాచి మెత్తపరచెడువారట. ఆ సమయమున అచ్చట ఇస్ఫహాను నగరము నుండి వచ్చిన హాజీ హుస్సేను అను వర్తకుడు వాయిసేకు కనబడెను. పాళ్లు తూచుటను, ఉక్కు గట్టితనమును పరీక్షించుటను ఆ వర్తకుడు పరుల కప్పగింపక తానే నిలిచి చూచుకొనుచుండెను. తమ దేశమున ఈ పద్ధతి అందరకు తెలిసినదే యైనను, అనుకరింప యత్నించి విఫలులైతిమని అతడు వాయిసేకు చెప్పెనట. వేల మైళ్లు ప్రయాణము చేసి, కొలిమి ముందర నిలువబడి, ‘ఇందు ఏమున్నది, ఎంత ఉన్నది?’ అని అడిగిన ఆ కొనుగోలుదారుని నేను మిక్కిలి అభిమానింతును. ఉక్కు పనివారి కీర్తిలో సగము అట్టి కొనుగోలుదారులది. అడుగువాడు లేనిచోట, ఎంతటి నేర్పరికైనను నేర్పును నిలుపుకొను అవసర ముండదు.

దక్షిణాపథపు ఈ మూసఉక్కునకును చిన్న చాకునకును గల సంబంధము మన ఊహ కాదు. బొంబాయిలోని హెలెనస్ స్కాట్ అను వైద్యుడు లండనులోని రాయల్ సొసైటీ అధ్యక్షుడగు జోసెఫ్ బ్యాంక్సునకు ఇట్టి ఉక్కు నమూనాలను పంపగా, 1795లో జార్జి పియర్సన్ వాని పరీక్షాఫలితములను ఆ సభకు నివేదించెను. ఆ నివేదికలో ఒక ముచ్చటైన సంగతి కలదు: స్టోడార్టు అను లండను కత్తుల పనివాడు, అధ్యక్షుని కోరికపై, ఈ ఉక్కుతో ఒక చిన్న పెన్‌నైఫును సాగగొట్టి చేసెను. కొట్టుట మిక్కిలి శ్రమయైనను, వేడి ఏమాత్రము మించకుండ చూచుకొనవలసి వచ్చినను, దాని అంచు ఉత్తమమైన ఉక్కు చాకుతో సమానముగా కోసెను. ఎన్నో పనులకు ఈ ఉక్కు ఇంగ్లండులో వాడు ఉక్కుల కంటె మేలైనదని స్టోడార్టు అభిప్రాయపడెను. దరిమిలా ఇదే స్టోడార్టు, కమ్మరి కుమారుడైన మైకేల్ ఫారడేతో కలిసి, 1819 మొదలు కొన్ని సంవత్సరములు ఉక్కులో వేర్వేరు లోహములను కలిపి పరిశోధనలు సాగించెను. విద్యుచ్ఛాస్త్రమునకు పితామహుడని మనము చదువుకొన్న ఫారడే, మన దేశపు ఉక్కును అనుకరింపవలెనను తపనతోనే లోహమిశ్రముల పరిశోధనకు దిగెనని ఎంతమంది విద్యార్థులకు తెలియును? ఇరువదవ శతాబ్ది చివర, వెర్‌హోవన్, పెండ్రే అను ఇద్దరు అమెరికనులు ఈ ఉక్కుపై కనబడు అలల గీతలకు మూలము, ముడి ఇనుములో అతిస్వల్పముగా నున్న వనేడియము వంటి ధాతువులేయని నిరూపించిరి. నేటి ఖరీదైన ఉక్కులలో 4 పాళ్లుగా నున్న ఆ వనేడియమే, నాటి మన ఉక్కులో నూరవ పాళ్ల లెక్కన దాగి పనిచేసినది.

ఆ పరిశ్రమ పందొమ్మిదవ శతాబ్దిలో క్షీణించినది: బొగ్గునకు అడవి దొరకుట కష్టమైనది, విదేశపు ఇనుము చవకగా దిగినది, కొలిమివారు వ్యవసాయకూలీలైరి. ఇది మనకందరకు తెలిసిన దుఃఖము. దీనిని తలచుకొని గర్వించుటతోనో విలపించుటతోనో ఆగిపోవుట నాకు ఇష్టము లేదు. సాలార్‌జంగు మ్యూజియములో ఖడ్గములను చూచి మురిసిన మనము బయటకు వచ్చి పేరులేని రేకుచాకును కొనుచున్నంత కాలము ఆ మురిపెమునకు అర్థము లేదు.

మేలైన చాకును చేయు శక్తి ఈ నగరమునకు లేదా? కంచన్‌బాగులో 1973లో స్థాపింపబడిన మిశ్ర ధాతు నిగమ్, విమానములకును రాకెట్లకును కావలసిన ప్రత్యేకమైన ఉక్కులను, టైటానియమును పోతపోయుచున్నది. ఆ దాపుననే రక్షణ లోహపరిశోధనాలయము కలదు. లోహమును పొడిచేసి వస్తువులు చేయు విద్యకు ప్రత్యేకించిన పరిశోధనాకేంద్రము బాలాపూరులో నున్నది. ఇంత లోహవిద్య ఈ నగరపు పొలిమేరలలోనే కూడియుండగా, చిక్కడపల్లి అంగడిలో ఉక్కు పేరు చెక్కిన చాకు ఒక్కటి దొరకకపోవుట శక్తి లేక జరిగినది కాదు, అడుగువాడు లేక జరిగినది. స్విస్ దేశపు చరిత్ర ఇందుకు మంచి నిదర్శనము. 1890 నాటి నమూనా ప్రకారము ఆ దేశపు సైనికులకు చాకులు కావలసి వచ్చినప్పుడు, అంత మొత్తమును చేయగల కర్మాగారము దేశమున లేక, తొలి చాకులను జర్మనీలోని సోలింగెను పట్టణము నుండి తెప్పించిరి. కార్ల్ ఎల్‌సెనర్ అను కత్తుల పనివాడు ఇది సహింపలేక, తోటి పనివారిని కూడగట్టుకొని, 1891లో స్వదేశమున చేసిన చాకులను సైన్యమునకు అందించెను, నష్టములకోర్చి నిలిచెను, 1921లో తుప్పుపట్టని ఉక్కునకు మారినప్పుడు, తల్లి పేరును ఉక్కు పేరును కలిపి సంస్థకు విక్టోరినాక్స్ అను నామకరణము జరిగెను. ఆ సంస్థ పేరులోనే ఉక్కు పేరున్నది!

ఇక కొనువారి వంతు. నా సిఫారసు ఇది. అలుగు మూడు అంగుళములకు మించరాదు. వీపు మందము రెండు మిల్లీమీటర్ల ప్రాంతమున నుండవలెను. అంతకు రెట్టింపు మందము గల చాకులను బలమైనవని అమ్ముచుందురు గాని, అవి జామకాయను కోయవు, చీల్చును. ఉక్కు ఎంత మేలైనను మందమైన అలుగు చక్కగా కోయజాలదు. సామాన్యమైన ఉక్కైనను సన్నని అలుగు కోయును. ఉక్కులో కర్బనము 0.5 మొదలు 0.7 వరకు, క్రోమియము 13 మొదలు 15 వరకు, కాఠిన్యము 55 మొదలు 59 వరకు నుండిన చాలును. తెరచిన అలుగు పనిమధ్యలో వ్రేళ్లపైకి మడతపడకుండ గట్టి వీపుస్ప్రింగు గాని, తాళము గాని ఉన్నదో లేదో అంగడిలోనే చూచుకొనవలెను. పిడి అందమును ఆ తరువాత చూడవచ్చును.

పదును విషయమున ఒక హెచ్చరిక. సైకిలుపై సానచక్రము బిగించుకొని మన వీథులలో కేకవేయుచు వచ్చు వృత్తివారు కత్తిపీటలకును, కత్తెరలకును ఎంతో ఉపకారము చేయుచున్నారు. వారిని పోషించుట మన ధర్మము. కాని వేగముగా తిరుగు పొడిచక్రముపై సన్నని చాకు అంచు క్షణములో కాగును. అంచు నీలివర్ణమునకు తిరిగినదన్నచో అచ్చట వేడి 300 డిగ్రీల ప్రాంతమునకు చేరినదని అర్థము. ఆ తావున ఉక్కు తన కాఠిన్యమును కోల్పోయినది, ఆ నీలిభాగము అరిగిపోవువరకు అది మరల రాదు. కావున, ‘అన్నా, మాటిమాటికి నీళ్లలో ముంచుచు పట్టుము’ అని అడిగి దగ్గర నిలువవలెను. అంతకంటె మేలు, ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు గల సానరాతిని ఇంట నుంచుకొని, నీటితో తడిపి, అలుగును సుమారు ఇరువది డిగ్రీల వాలులో పట్టి, ఒకవైపు రుద్దగా రెండవవైపున గోటికి తగులు సన్నని మడత లేచువరకు రుద్ది, మరల రెండవవైపు అట్లే చేసి, చివరకు పాత తోలుబెల్టుపై వెనుకకు లాగుట. ఇది పది పదునైదు నిమిషముల పని. ఆదివారము మధ్యాహ్నము ఒకరికొకరు నేర్పుకొనదగిన పని.

అంగళ్లవారిని నేను కోరునది ఒక్కటే: సరుకు తెప్పించునపుడు తయారీదారుని ఉక్కు పేరు అడిగి, చీటీపై వ్రాసి అతికింపుడు. మన పారిశ్రామిక శిక్షణాలయములలో కొలిమి పని, లోహమును కాచు పని నేర్చుకొను విద్యార్థులకు మూడు అంగుళముల మడతచాకును పరీక్షావస్తువుగా నియమించి, ఉక్కును మన లోహసంస్థల నుండి సమకూర్చి, కాఠిన్యమును కొలిచి, ఆ అంకెను, ఉక్కు పేరును, చేసిన ఊరి పేరును అలుగు మొదట చెక్కించుటకు ప్రభుత్వమునకు పెద్ద వ్యయము కానేరదు. తొలి తరగతిని ఆ పాత ఉక్కుసీమలోని కమ్మర్‌పల్లిలోనో నిర్మలులోనో ప్రారంభించి, తయారైన చాకులను సిటీ సెంట్రల్ లైబ్రరీ ఎదుటి అంగళ్లలో, విద్యార్థి కొనగల ధరకు ఉంచవలెను.